చిక్‌పేటలో ఫ్లై సామాను: ఏది బజారులో కొనాలి, ఏది ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి

ఫ్లై ఫిషింగ్‌లో రాడ్డు, రీలు ఒకసారి పెట్టే ఖర్చు. ఫ్లైలు అలా కాదు. చెట్టుకొమ్మకి ఒకటి, నీళ్లలో మొద్దుకి ఒకటి, తెంపుకుపోయే చేపకి ఒకటి చొప్పున పోతూనే ఉంటాయి. అందుకే చాలామంది ఇంట్లోనే కట్టుకుందామని కూర్చుంటారు. ఫ్లై అంటే పెద్ద మాయేమీ లేదు. గాలానికి దారంతో ఈకలు, ఉన్ని, తీగ చుట్టి పురుగులాగో చిన్న చేపలాగో కనిపించేట్టు చేయడమే. కానీ ఆ ఈకలూ ఉన్నీ విదేశీ బ్రాండు పేరుతో అరచేయంత ప్యాకెట్లలో వస్తాయి. వాటి ధరకి కొరియరూ కస్టమ్సూ కలిపి చూస్తే, "ఆ డబ్బుతో మార్కెట్లో చేపలే కొనుక్కోవచ్చు కదా" అని ఇంట్లోవాళ్లు అనడంలో తప్పేమీ కనిపించదు.

ఈ విషయంలో బెంగళూరులో ఉన్నవాళ్లం అదృష్టవంతులం. కేఆర్ మార్కెట్ దగ్గర మెట్రో దిగితే అవెన్యూ రోడ్డు, చిక్‌పేట, నగర్తపేట, ఎస్పీ రోడ్డు అన్నీ నడిచి తిరిగే దూరం. కుట్టుపని, నగల తయారీ, మోటార్ వైండింగ్, బొమ్మల తయారీ, ఈ నాలుగు పనులకి కావలసిన సరుకు ఆ సందుల్లోనే దొరుకుతుంది. ఫ్లై కట్టేవాళ్లకి కావలసింది కూడా చాలావరకు ఇదే. చిక్‌పేట ప్రాంతంలో తెలుగులో అడిగినా పని జరిగిపోతుంది, భాష టెన్షన్ అక్కర్లేదు. "ఫ్లై టైయింగ్ మెటీరియల్ ఉందా" అని మాత్రం అడగకండి, ఎవరికీ అర్థం కాదు. జరీ ఉందా, వైండింగ్ తీగ ఉందా, ఫర్ క్లాత్ ఉందా అని అడగండి.

అయితే బజారులో దొరికేదంతా చవక అని ఎగబడటానికి లేదు. కొన్ని ఆన్‌లైన్ సరుకుకి ఏమాత్రం తీసిపోవు, కొన్ని దానికంటే మేలు, రెండు మూడు మాత్రం శుద్ధ దండగ.

ముందు నీళ్లలో ముంచి చూడండి

కొట్లో లైట్ల కింద ఏదైనా అందంగానే ఉంటుంది. చేప చూసేది తడిసిన ఫ్లైని. కాబట్టి చేతిసంచీలో ఒక చిన్న నీళ్ల సీసా, ఒక లైటరు పెట్టుకుని బయల్దేరండి. నీళ్లు దేనికో చెప్పక్కర్లేదు. ఉన్ని ముక్క తడిస్తే రంగు ఎంత ముదురుతుంది, బొచ్చు కదులుతుందా లేక జడలా అతుక్కుపోతుందా, మునుగుతుందా తేలుతుందా, ఇవి అరనిమిషంలో తెలిసిపోతాయి. ఎండలో లేత గోధుమరంగులో కనిపించిన ఉన్ని తడిస్తే తేయాకు రంగుకి తిరగడం మామూలే. అందుకే కావలసిన రంగు కంటే ఒక మెట్టు లేతది కొనడం మంచిది.

లైటరు ఎందుకంటే, ఇక్కడ "ఉన్ని" అని అమ్మేవాటిలో చాలావరకు యాక్రిలిక్. చిన్న పోగు కొట్టు బయటకి తెచ్చి అంటించండి. నిజమైన ఉన్ని అయితే కాలిన వెంట్రుక వాసన వచ్చి, నలిపితే పొడి అవుతుంది. యాక్రిలిక్ కరిగి గట్టి గుండులా మిగులుతుంది. రెండూ పనికొస్తాయి కానీ రెండింటి పనీ ఒకటి కాదు. ఉన్ని నీళ్లు పీల్చుకుని త్వరగా మునుగుతుంది, యాక్రిలిక్ అంతగా పీల్చదు. అడుగున తిరిగే పురుగుని కట్టాలంటే ఉన్నిదే పైచేయి.

ఇంగ్లండులో ఏవన్ నది మీద రివర్ కీపర్‌గా, అంటే నదినీ చేపల్నీ చూసుకునే మనిషిగా పనిచేసిన ఫ్రాంక్ సాయర్ కట్టిన కిల్లర్ బగ్ అనే ఫ్లైలో ఉన్నవి మూడే: గాలం, రాగి తీగ, మేజోళ్లు రఫ్ఫు చేసుకునే ఉన్ని. చాడ్విక్స్ కంపెనీ 477 నంబరు ఉన్ని అది. ఆ ఉన్ని తయారీ ఆగిపోయాక, పాత కార్డుల కోసం ఫ్లై కట్టేవాళ్లు వెతుక్కుని మరీ ఎగబడి కొన్నారు. మామూలు కుట్టుపని కొట్లో పడుండే సరుకే అది. తడిస్తే వచ్చే ఆ గులాబీ ఛాయ గోధుమరంగు కోసమే అంత గిరాకీ.

దారం

దారం విషయంలో ముందు గాలం సైజు చూసుకోవాలి. ఫ్లై గాలాల్లో నంబరు పెరిగేకొద్దీ సైజు తగ్గుతుంది. 6, 8 నంబర్లు పెద్దవి, 14, 16 చిన్నవి. దారం లావుని డెనియర్‌లో చెబుతారు, నంబరు పెరిగితే లావు పెరిగినట్టు. చిన్న ఫ్లైలకి 70 డెనియర్ దారం, మధ్యరకానికి 140, పెద్దవాటికి 210 అని ఒక లెక్క నడుస్తోంది. ఇప్పుడు మన బజారు దారం ఈ లెక్కలో ఎక్కడ ఉందో చూద్దాం. మెషిన్ ఎంబ్రాయిడరీ దారం రీలు మీద 120డి/2 అని ఉంటుంది. అంటే 120 డెనియర్ పోగులు రెండు, మొత్తం 240. కాబట్టి 8వ నంబరు, అంతకంటే పెద్ద గాలాలకి దీనికి వంక పెట్టడానికి లేదు. రంగులకైతే లోటే లేదు. బ్లౌజు దారం కోసం చీర పట్టుకుని మ్యాచింగ్ సెంటర్లో నిలబడ్డవాళ్లకి తెలుసు, ఒక్క ఆకుపచ్చలోనే ఎన్ని రకాలుంటాయో. ఏ విదేశీ కేటలాగులోనూ అన్ని ఉండవు.

ఎంబ్రాయిడరీ దారంలో మళ్లీ రెండు రకాలు: రేయాన్, పాలిస్టర్. రేయాన్‌ది మంచి మెరుపు, కానీ తడిస్తే దాని బలం బాగా తగ్గిపోతుంది. గాలానికి కట్టేది పాలిస్టర్‌తోనే కట్టండి. లేబుల్ లేకపోతే లైటరు ఉండనే ఉంది. రేయాన్ కాగితంలా కాలి బూడిదవుతుంది, పాలిస్టర్ కరుగుతుంది. ఇంట్లో మామూలు కుట్టుమెషిన్ దారం మాత్రం నాకు నచ్చదు. దానికి నూగు ఎక్కువ, ఫ్లై తల బొద్దుగా తయారవుతుంది.

14 నంబరు, అంతకంటే చిన్న గాలాలకి బజారు దారం వద్దు. నాలుగు చుట్లకే గాలం మీద చోటు అయిపోతుంది. చీర ఫాల్ కుట్టడానికి వాడే కనిపించని నైలాన్ దారం సన్నగానే ఉంటుంది కానీ జారిపోతుంది, చేతిలో నిలవదు. దీనికి ఒక రీలు అసలైన 70 డెనియర్ టైయింగ్ దారం తెప్పించుకోండి. ఒక్క రీలుతో చాలా ఫ్లైలు కట్టొచ్చు కాబట్టి అది భారం కాదు.

సిల్క్ థ్రెడ్ గాజులు చేసేవాళ్లు వాడే మెలి లేని దారం అవెన్యూ రోడ్డులోని రాజా మార్కెట్‌లో గుట్టలుగా ఉంటుంది. అది కట్టడానికి కాదు, ఫ్లై ఒళ్లు చుట్టడానికి. మెలి లేదు కాబట్టి పరుచుకుని నున్నగా వస్తుంది. యాంకర్ ఎంబ్రాయిడరీ లచ్ఛీ అయితే 8 మీటర్లు, ఆరు పోగులు. రెండు పోగులు విడదీసి చుడితే సన్నని ఒళ్లు, మూడు చుడితే లావు ఒళ్లు. ఆన్‌లైన్‌లో "ఫ్లాస్" అని అమ్మేదానికీ దీనికీ తేడా పట్టుకోవడం కష్టం.

మెరుపు, బరువు

ఒంటి మీద మెరిసే చుట్లకి విదేశీ టిన్సెల్ కొనడం బెంగళూరులో ఉన్నవాళ్లకి అవమానం. జరీ ఉన్న ఊరిది. జరీలో మూడు రకాలున్నాయి. వెండి తీగకి బంగారు పూత పూసిన అసలు జరీ పట్టుచీరకి, మనకెందుకు? రాగి మీద పూత వేసిన ఇమిటేషన్ జరీ తడి తగిలితే కొన్నాళ్లకి నల్లబడుతుంది. మూడోది ప్లాస్టిక్ జరీ, అంటే మెరుగు పూసిన పాలిస్టర్ ఫిల్ము చుట్టిన దారం. చీర కొనేటప్పుడు మన అమ్మమ్మలు ముక్కు విరిచేది దీన్ని చూసే. ఫ్లైకి మాత్రం ఇదే రాజు: నల్లబడదు, చవక, చుడితే గట్టిగా ఉంటుంది. చిన్న చేప ఆకారంలో కట్టే ఫ్లైల్లో పొడుగ్గా మెరిసే పోగులకి దీపావళి, క్రిస్మస్ అలంకరణల తళుకు దండలు కత్తిరించుకోవచ్చు. పది రూపాయల చిప్స్ ప్యాకెట్ లోపలి వెండి పొర సన్నని పట్టీలుగా కోసినా పని జరుగుతుంది, కాకపోతే నూనె పోయేదాకా సబ్బుతో కడగాలి.

రాగి తీగకి ఎస్పీ రోడ్డు. మోటార్ వైండింగ్ తీగ, ఎనామెల్ పూతతో వస్తుంది, తూకం లెక్కన అమ్ముతారు. గేజీ పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. 34 గేజీ సుమారు 0.23 మిల్లీమీటర్లు, 36 గేజీ 0.19, 38 గేజీ 0.15, 40 గేజీ 0.12. పెద్ద ఫ్లైకి 34, మధ్యరకానికి 36, చిన్న పురుగుకి 38 లేదా 40 తీసుకోండి. పూత రంగు కూడా తేడాగా ఉంటుంది, కొన్ని ఎర్రగా, కొన్ని తేనెరంగులో. మోటార్ వైండింగ్ షాపులో పాత తీగ అడగొచ్చు, కానీ కాలిన మోటార్ తీగ పెళుసుగా ఉంటుంది, పూత ఊడుతుంది. పాత చార్జర్ విప్పితే దొరికే తీగ కంటే కొత్త తీగే నయం.

బరువు సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ చాలామంది తప్పు వస్తువు కొంటారు. ఫ్లైని త్వరగా ముంచాలంటే ఒంటి కింద సీసం తీగ చుడతారు. సీసం తీగ దొరక్క టంకం తీగ కొంటారు. మామూలు 60/40 టంకంలో ఎక్కువ భాగం తగరమే. దాని సాంద్రత సుమారు 8.5. రాగిది 8.9. అంటే టంకం కంటే రాగి తీగే బరువు! టంకం మెత్తగా ఒంగుతుందన్న ఒక్క సుఖం తప్ప లాభమేమీ లేదు, పైగా అందులో సీసం ఉంటుంది. చేతులు కడుక్కోవాలి, పిల్లలకి దూరంగా పెట్టాలి. కాబట్టి ఎస్పీ రోడ్డులో ఎలాగూ నిలబడ్డారు, లావు రాగి తీగ ఇంకొంచెం కొనుక్కోండి. సీసానిది 11.3, టంగ్‌స్టన్‌ది 19.3. అంత బరువు కావాలంటే టంగ్‌స్టన్ పూసలే కొనాలి, వాటికి బజారులో ప్రత్యామ్నాయం లేదు. రాజా మార్కెట్ గాజు పూసలు చూడటానికి ముద్దుగా ఉంటాయి కానీ గాజు సాంద్రత 2.5 దగ్గర, అవి అందానికే. నగల తయారీ కొట్లో ఇత్తడి పూసలు అడిగితే మధ్యే మార్గం దొరుకుతుంది. కొనేముందు ఒక గాలం తీసుకెళ్లి, మొన దగ్గరుండే ఎదురు ముల్లు నొక్కేసి, పూస వంపు దాటి ఎక్కుతుందో లేదో అక్కడే చూసుకోండి.

చేప కళ్లకి కీచైన్లలో వాడే బంతుల గొలుసు చాలు. రెండు బంతులు జతగా కత్తిరించి తల దగ్గర కట్టేస్తే కళ్లూ అవుతాయి, కాస్త బరువూ అవుతుంది. స్టీలుది తీసుకోండి, పూత వేసిన ఇనుము తుప్పు పడుతుంది.

ఈకలు

అసలు తలనొప్పి ఇక్కడ. తేలే ఫ్లైకి, అంటే నీటి మీద వాలిన పురుగులా నిలబడే డ్రై ఫ్లైకి, మెడ దగ్గర చుట్టే ఈకని హ్యాకిల్ అంటారు. ఆ ఈక సన్నగా, పొడుగ్గా, పొట్టి గట్టి పీచుతో ఉండాలి. అమెరికాలో ఇందుకోసమే తరతరాలుగా ఎంపిక చేసి పెంచిన కోళ్లున్నాయి. మన నాటుకోడి పుంజు ఈక ఎంత రంగుగా, నిగనిగలాడుతూ ఉన్నా, వెడల్పుగా ఉంటుంది, మొదట్లో మెత్తని నూగు ఎక్కువ. నీళ్లు పీల్చుకుని మునుగుతుంది.

దీన్నిబట్టి ఎంపిక సులువే. మునిగే ఫ్లైలకి నాటు పుంజు మెడ ఈకలు, నడుము ఈకలు బ్రహ్మాండం. నీళ్లలో అవి ఆడే తీరు ఖరీదైన ఈకలకి రాదు. శివాజీనగర్ రస్సెల్ మార్కెట్ వైపు గానీ, మీ వీధి చివర నాటుకోడి కొట్టు దగ్గర గానీ ఆదివారం పొద్దున్నే అడిగితే సంచీ నిండా ఇస్తారు, వింతగా చూస్తారు కూడా. బ్రాయిలర్ ఈకలు వద్దు, పొట్టిగా, జీవం లేకుండా ఉంటాయి. చేయి మురికి చేసుకోవడం ఇష్టం లేకపోతే దుమ్ము దులిపే ఈకల కుచ్చు కొనండి. వాటిలో చాలావరకు కోడి ఈకలే, కడిగి ఎండబెట్టి గుచ్చినవి, ఒక్కో కుచ్చులో మీకు ఏళ్ల తరబడి సరిపోయేన్ని. కొనేముందు ఒక ఈక వంచి చూడండి, పెళుసుగా విరిగితే వదిలేయండి.

తోకలకి వాడే మెత్తని, ఊపిరి తగిలినా కదిలే మారబూ ఈక పార్టీ సామాన్ల కొట్లో మెడకేసుకునే ఈకల దండ రూపంలో దొరుకుతుంది. ఒక దండ కొంటే స్నేహితులందరికీ పంచొచ్చు. రంగు కారుతుందేమో మాత్రం తప్పకుండా సీసా నీళ్లలో చూడండి.

కోడి దాటి ఆలోచిస్తే ఇంకా మంచివి ఉన్నాయి. బాతు తోక మొదట్లో నూనె గ్రంథి చుట్టూ ఉండే బుల్లి మెత్తని ఈకలు సహజంగానే తేలుతాయి. ఆన్‌లైన్‌లో సీడీసీ అన్న పేరుతో గ్రాముల లెక్కన అమ్మేవి ఇవే. బాతు మాంసం అమ్మేవాళ్లకి అది చెత్త. డ్రై ఫ్లై కట్టాలన్న కోరిక ఉండి విదేశీ హ్యాకిల్ కొనలేనివాళ్లకి నా సలహా ఇదే: హ్యాకిల్ లేని డ్రై ఫ్లైలు కట్టండి, సీడీసీ రెక్కతో. గిన్నెకోడి ఈకలు నల్లటి దాని మీద తెల్ల చుక్కలతో పురుగు కాళ్లకి బాగుంటాయి. ఫారంలో పెంచే జపనీస్ కౌజు పిట్టల ఒంటి ఈకలు మచ్చల గోధుమరంగులో చిన్నగా ఉంటాయి, ఇంగ్లీషు పద్ధతి మెత్తని హ్యాకిల్ ఫ్లైలకి అవి కరెక్టుగా సరిపోతాయి.

ఇక షటిల్. బెంగళూరులో బ్యాడ్మింటన్ కోర్టు లేని పేట లేదు. ప్రతి కోర్టు మూలా పాడైన ఈకల షటిళ్ల డబ్బా ఉంటుంది. ఒక్కోదానిలో 16 ఈకలు, మంచి రకమైతే బాతు జాతి పెద్దపక్షి గూస్‌వి. ఈక పట్టీ చీల్చి పురుగు వీపు మీద కప్పుగా కట్టొచ్చు. జత రెక్కలు కట్టాలంటే ఒక చిక్కుంది. ఒక షటిల్‌లో ఈకలన్నీ ఒకే వైపు రెక్కవి, లేకపోతే అది సరిగ్గా తిరగదు. కుడి, ఎడమ జత ఒకే షటిల్‌లో దొరకదు. దాని కార్క్ సంగతి కిందకి వచ్చాక చెబుతాను.

మాంసం కొట్టు ఈకల్ని నేరుగా డబ్బాలో పెట్టకండి. డిటర్జెంట్ నీళ్లలో రెండుసార్లు కడిగి, నీడలో పూర్తిగా ఆరబెట్టి, జిప్ కవర్లో వేసి కొన్ని రోజులు ఫ్రీజర్లో ఉంచండి. తీసి ఒకరోజు బయట పెట్టి మళ్లీ ఫ్రీజర్లో వేస్తే మిగిలిన పురుగుల గుడ్లకి కూడా మందు పడ్డట్టే. ఫ్రీజర్ ఇంట్లోవాళ్లతో కలిపి వాడుతున్నవాళ్లు ఈ విషయం ముందే మాట్లాడుకోవడం ఆరోగ్యకరం. తర్వాత డబ్బాలో కలరా ఉండలు. బర్డ్ ఫ్లూ వార్తలు ఉన్న రోజుల్లో మాత్రం కోళ్ల కొట్టు జోలికి పోవద్దు.

కొనకూడనివి కూడా చెప్పాలి, ఎందుకంటే చట్టం సంగతి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద బూడిదరంగు అడవికోడికి రక్షణ ఉంది. పాత ఇంగ్లీషు సాల్మన్ ఫ్లైల్లో కళ్లలా మెరిసే ఆ "జంగిల్ కాక్" ఈకలు మన దక్షిణాది అడవుల పక్షివే, అయినా ఎవరు అమ్మినా కొనకూడదు. దుప్పి, కణుజు వెంట్రుకలు కూడా అంతే. నెమలి సంగతి వేరు. సహజంగా రాలిన తోక ఈకలు దేశంలో అమ్మడానికీ కొనడానికీ చట్టం వెసులుబాటు ఇచ్చింది, ఎగుమతికి మాత్రం నిషేధం. కాబట్టి నెమలి ఈక పీచుతో గ్రిఫిత్స్ నాట్ లాంటి బుల్లి ఫ్లైలు హాయిగా కట్టుకోండి, అమెరికాలో ఉన్న బావమరిది అడిగాడని పార్శిల్ మాత్రం చేయకండి. ఆర్ట్ సామాన్ల కొట్లో పెయింట్ బ్రష్షు వెంట్రుకలు వాడుకుందామనుకునేవాళ్లకి ఇంకో జాగ్రత్త: ముంగిస వెంట్రుకతో చేసినవి చట్టవిరుద్ధం. సింథటిక్ అని రాసి ఉన్నదే తీసుకోండి.

వెంట్రుకలు, బొచ్చు

చిన్న చేపలా కట్టే స్ట్రీమర్లకి విదేశాల్లో జింకతోక వెంట్రుక వాడతారు. దాని బదులు ఇక్కడ మూడు దారులు. ఫర్ క్లాత్ మొదటిది, నా ఉద్దేశంలో గెలిచేదీ అదే. బొమ్మలు కుట్టేవాళ్లు కొనే పొడుగు బొచ్చు గుడ్డ, పావు మీటరు కొంటే ఏడాది. అడుగున నూగు దువ్వి తీసేస్తే పైన మిగిలేది నీళ్లలో నిజంగా ఈదుతున్నట్టు కదులుతుంది. దువ్వడానికి పేల దువ్వెన.

రెండోది సవరం. నైలాన్ సవరం పోగులు పొడుగ్గా, మెరుపుగా ఉంటాయి, పెద్ద ఫ్లైకి బాగుంటాయి కానీ చిక్కుపడతాయి. అసలు జుట్టు సవరం కొనడం అనవసరం, ఖరీదెక్కువ, తడిస్తే కర్రలా అతుక్కుంటుంది. మూడోది మేక తోక. మాంసం కొట్టులో అడిగితే ఇస్తారు, కానీ చర్మం గీకి, ఉప్పు పట్టించి, ఆరబెట్టి, ఆ వాసన భరించి చేసే పనికి వచ్చే ఫలితం తక్కువ. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్లకి అసలే వద్దు.

పెంపుడు కుక్క ఉంటే దువ్వినప్పుడు వచ్చే అడుగు బొచ్చు దాచుకోండి. దారానికి పట్టించి చుట్టే డబ్బింగ్‌కి అంతకంటే మంచిది కొనలేరు, ఖర్చూ లేదు.

తేలేవి

తొలకరి వాన పడ్డ సాయంత్రం లైటు చుట్టూ ఉసిళ్లు మూగడం చూస్తుంటాం కదా. చెరువు మీద కూడా అంతే, చిన్నా పెద్దా చేపలన్నీ పైకి వచ్చేస్తాయి. ఆ పురుగుకి విదేశీ ప్యాకెట్ ఏదీ అక్కర్లేదు. స్టేషనరీ కొట్లో దొరికే 2 మిల్లీమీటర్ల గోధుమరంగు ఫోమ్ షీటు సన్నని పట్టీ, రెక్కలకి తెల్ల ప్లాస్టిక్ తాడు విప్పిన పోగులు. ఆ తాడు పాలీప్రొపిలీన్ అయితే దాని సాంద్రత సుమారు 0.9, నీళ్ల కంటే తేలిక. నైలాన్ తాడు 1.14, మునిగిపోతుంది. రెండూ తెల్లగా ఒకేలా ఉంటాయి, సీసాలో వేస్తే తేడా బయటపడుతుంది. నల్ల ఫోమ్‌తో చీమ, పేడపురుగు, ఆకుపచ్చతో మిడత. ఆన్‌లైన్ ఫోమ్‌కి ఎక్కువ డబ్బు పెట్టడానికి నాకు ఒక్క కారణం కూడా కనబడలేదు.

కొర్రమీను కోసం నీటి మీద బుడబుడమనే పాపర్ కట్టాలనుకుంటే తలకి రెండు ఎంపికలు. పాత హవాయి చెప్పు ముక్క, లేదా ఇందాక చెప్పిన షటిల్ కార్క్. చెప్పు ముక్క కోయడం తేలిక, రంగు పట్టదు, మెత్తగా ఉంటుంది కాబట్టి చేప నోట్లో కాసేపు ఎక్కువ ఉంచుకుంటుంది. షటిల్ కార్క్ అడ్డంగా 25 నుంచి 28 మిల్లీమీటర్లు, అలాగే వాడితే పెద్దది. నిలువునా రెండుగా కోసి సానకాగితంతో రుద్దితే రెండు తలలు. గోటితో నొక్కితే పొడిగా రాలేది పొడి కార్క్ అతికించి చేసినది, అది పారేయండి. రెండింట్లో నేను కార్క్ వైపే, ఎక్కువసార్లు విసిరినా ఆకారం మారదు.

జిగురు, పనిముట్లు

తల మీద పూతకి రంగులేని గోళ్ల పాలిష్ చాలు. ఫెవిక్విక్ వేగంగా పట్టేస్తుంది కానీ పెళుసు, పాపర్ తలలకి తప్ప వాడొద్దు. మామూలు తెల్ల ఫెవికాల్ నీళ్లలో నిలవదు.

విక్టోరియా ఆసుపత్రి కేఆర్ మార్కెట్ పక్కనే కాబట్టి సర్జికల్ సామాన్ల కొట్లో చిన్న ఆర్టరీ ఫోర్సెప్స్ ఒకటి తీసుకోండి. ఈక చివర పట్టుకోవడానికీ చేప నోట్లోంచి గాలం తీయడానికీ ఒకటే. ఎస్పీ రోడ్డు మొసలి క్లిప్పులు కూడా ఈక పట్టుకుంటాయి, పళ్ల మీద ప్లాస్టిక్ గొట్టం ముక్క తొడగాలి. నగర్తపేటలో కంసాలి పనిముట్లు అమ్మేచోట గాలాన్ని పట్టి ఉంచే చిన్న చేతి వైస్, భూతద్దం, సన్నమూతి కత్తెర దొరుకుతాయి. ఆ చేతి వైస్‌ని బల్లకి బిగించుకుంటే మొదటి ఏడాది గడిచిపోతుంది. దారం పట్టే బాబిన్ మాత్రం ఇంట్లో చేసుకోవద్దు. పెన్ను గొట్టంతో చేసినదాని అంచు దారాన్ని కోసేస్తుంది, సగం కట్టాక తెగితే కలిగే చిరాకుకి ఆదా చేసిన డబ్బు చాలదు.

మొదట కట్టాల్సినవి, తెప్పించుకోవాల్సినవి

కొత్తవాళ్లు ఊలీ బగ్గర్‌తో మొదలుపెట్టండి. తోకకి పార్టీ దండ ఈక, ఒంటికి ఉన్ని, చుట్టూ నాటు పుంజు ఈక, దాని మీద 34 గేజీ రాగి తీగ. గాలం తప్ప మిగతాదంతా ఒక్క పూట బజారు. తిలాపియా, పరిగెలు రెండూ దీన్ని పట్టుకుంటాయి. తర్వాత కిల్లర్ బగ్, ఆ తర్వాత ఉసిళ్ల ఫోమ్ ఫ్లై. ఫర్ క్లాత్, గొలుసు కళ్ల స్ట్రీమర్ కొర్రమీనుకి. చెరువులో దిగేముందు చేపల కాంట్రాక్టు ఎవరిదో కనుక్కుని అనుమతి తీసుకోండి. కావేరి హంప్‌బ్యాక్డ్ మహసీర్ ప్రపంచంలోనే అంతరించే ప్రమాదం తీవ్రంగా ఉన్న జాతుల జాబితాలో ఉంది. అనుమతి ఉన్నచోట గాలం వేసినా ముల్లు నొక్కేసిన గాలంతోనే వేయాలి, పట్టిన చేపని వదిలేయాలి.

ఆన్‌లైన్ బుట్టలో ఇవి చాలు: గాలాలు, 70 డెనియర్ దారం ఒక రీలు, టంగ్‌స్టన్ పూసలు కొన్ని, డ్రై ఫ్లై పిచ్చి బాగా ముదిరితే ఒక అర కేప్ హ్యాకిల్ (కేప్ అంటే ఈకలతో సహా తీసిన కోడి మెడ చర్మం). గాలాల దగ్గర మాత్రం పీనాసితనం వద్దు. పేరులేని చవక గాలం పెద్ద చేప లాగితే నిటారుగా సాగిపోతుంది, మొన తొందరగా మొద్దుబారుతుంది, డబ్బాలోనే తుప్పు పడుతుంది. మిగతా ఖర్చంతా తగ్గించుకున్నది దీనికోసమే అనుకోండి.

అర కేప్ కూడా ఎక్కువనిపిస్తే ఇంకొకరితో కలిసి కొనండి. కానీ పంచుకునేటప్పుడు అడ్డంగా కోయకండి. కేప్‌లో తల వైపు ఈకలు చిన్నవి, కిందకి వచ్చేకొద్దీ పెద్దవి. అడ్డంగా కోస్తే ఒకరికి చిన్న ఫ్లైలకి పనికొచ్చేవన్నీ, రెండోవాళ్లకి పెద్దవి మాత్రమే వెళ్తాయి. చర్మం వైపు తిప్పి, ఈకలకి తగలకుండా బ్లేడుతో నిలువునా కోసుకోండి.